కర్నూలు, కడప చేలల్లో చలికాలపు కూరగాయలు

కర్నూలు, కడప జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి ఆకాశం తేటపడిన రోజు నుంచి చలికాలం లెక్క. నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా, మూడు నెలల పాటు పగలు గాలి 30 డిగ్రీల దగ్గర ఆడుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసుకుంటుంది కాబట్టి తెల్లవారేసరికి అదే గాలి 16 నుంచి 20 డిగ్రీలకు దిగుతుంది. ఉత్తరపు గాలి తిరిగిన కొన్ని రాత్రుల్లో ఇంకా కిందికి పోతుంది. అయినా గడ్డకట్టే చలి ఈ మైదానాల్లో లేదు. భారత వాతావరణ శాఖ లెక్కన మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, అది మామూలు కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు తక్కువగా ఉంటేనే చలిగాలుల హెచ్చరిక. ఈ రెండు జిల్లాల్లో ఆ హద్దు తగిలే రాత్రులు అరుదు. తెలుగునేల మీద ఆకుపై నీటిబొట్టు గడ్డకట్టడం చూడాలంటే చింతపల్లి మండలంలోని లంబసింగికి పోవాలి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ ఊళ్లో కొన్ని ఏడాదుల్లో కనిష్ఠం సున్నా దరిదాపులకు వచ్చింది.

గడ్డకట్టే చలిలో ఆకు కణాల చుట్టూ ఉన్న నీరు మంచుగా మారి, కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. ఎండ తగలగానే ఆకు ఉడికినట్టు నల్లబడి వాలిపోతుంది. ఉత్తరాదిలో బంగాళదుంప, టమాటా చేలను దీని నుంచి కాపాడటానికే రాత్రి తడి పెట్టడం, గట్ల మీద పొగ వేయడం, నారుమళ్ల మీద గడ్డి కప్పడం వంటి అలవాట్లు పుట్టాయి. మంచు కురిసే దేశాల్లో తీరు ఇంకోలా ఉంటుంది. అక్కడ మొక్కల మీద పడి నిలిచిన మంచు తనలో గాలిని బంధించుకుని, పైన ఉన్న తీవ్రమైన చలిని కింది మొక్కకు తగలనివ్వదు. మంచు కింద క్యాబేజీ జాతి ఆకుకూరలు బతికి బయటపడతాయి.  ఉత్తరాదిలో వాడే కప్పులూ పొగలూ రాయలసీమ కూరగాయల రైతుకు దాదాపు అవసరం పడవు. ఇక్కడ చలికాలపు నష్టం ఆకు మీద నిలిచే తడి నుంచి, వేళ తప్పిన తడుల నుంచి, ఈ చలికి సరిపడని రకాల నుంచి వస్తుంది. ఈ మూడింటిలో మొదటిది పెద్దది.

అయితే చలి ముదిరేలోపు వాన గండం ఒకటి దాటాలి. నవంబరులో, డిసెంబరు తొలివారాల్లో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు ఉమ్మడి కడప జిల్లా మీద, ముఖ్యంగా రాజంపేట, కోడూరు వైపు ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిన వాన అలాంటిదే. ఆ నెలలో రాయలసీమ టమాటా తోటలు దెబ్బతిని ధర ఎక్కడికో పోయింది. నల్లరేగడిలో నీరు ఒకరోజు నిలిచినా వేరుకు గాలి ఆడక ఉల్లి, టమాటా, మిరప పసుపెక్కుతాయి. కాబట్టి అక్టోబరు ఆఖరులోనే చేను వాలు చూసి, ప్రతి పది పన్నెండు సాళ్లకు ఒక మురుగు కాలువ తీసి, దాన్ని చేను బయటి వాగుకో వంకకో కలపాలి. చేను లోపలే ఆగిపోయిన కాలువ వల్ల ప్రయోజనం లేదు. వాన వెలిసిన మూడు నాలుగు రోజుల్లో పైపైన మట్టి కదిలించి, వేరు కోలుకునే దాకా లీటరు నీటికి 10 గ్రాముల యూరియా, లేదా అంతే మోతాదులో పొటాషియం నైట్రేట్ కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే మొక్క త్వరగా తేరుకుంటుంది.

ఇక రాత్రి తడి సంగతి. నిర్మలమైన ఆకాశం, గాలి ఆడని రాత్రి, నేలలో తేమ: ఈ మూడూ కలిస్తే అర్ధరాత్రి దాటాక ఆకు చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడి, గాలిలోని ఆవిరి దాని మీద మంచు బొట్లుగా దిగుతుంది. తెల్లారి ఆరు గంటలకు ఉల్లిచేలోకి వెళ్తే కాడ చివర నుంచి మొదలు దాకా చిన్న చిన్న బొట్లు వరసగా కూర్చుని ఉంటాయి. ఎండ ఏటవాలుగా తగిలి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో అవి ఆరతాయి. పొగమంచు పట్టిన రోజు పదిదాకా ఆరవు. బూజు జాతి తెగుళ్లకు కావలసింది ఈ గంటలే. ఆకు మీద పడ్డ విత్తనం లాంటి బీజం మొలిచి లోపలికి దిగడానికి ఆగని తడి కావాలి. తెల్లవారుజామున ఆరేడు గంటల తడి ఉంటే కొన్ని తెగుళ్లు మొదలుపెడతాయి, పదీ పన్నెండు గంటలు నిలిస్తే చేనంతా పాకుతాయి. సాయంత్రం స్ప్రింక్లరు తిప్పిన చేలో ఆకు ఆరేడింటికే తడిసి, మంచుతో కలిసి మర్నాడు తొమ్మిదిదాకా తడిగానే ఉంటుంది. రైతు తన చేతులతో తెగులుకు రాత్రంతా సమకూర్చినట్టే అవుతుంది.

అందుకే చలికాలంలో నీటి వేళ ముఖ్యం. కూరగాయలకు తడి పెట్టవలసింది ఉదయం ఎండ పడి మంచు ఆరాక, అంటే తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు లోపు. స్ప్రింక్లరును ఈ మూడు నెలలూ పక్కన పెట్టి డ్రిప్పు, లేదంటే సాళ్ల మధ్య పారకం నడపాలి. డిసెంబరులో ఆవిరి నష్టం వేసవిలో ఉన్నంత ఉండదు కాబట్టి అంతరం పెంచుకోవచ్చు: ఎర్రనేలలో నాలుగైదు రోజులకు, నల్లరేగడిలో ఎనిమిది పది రోజులకు ఒక తడి చాలుతుంది. డ్రిప్పు కింద కూడా నీరు తగ్గించకుండా అదే గంటలు నడిపితే నేల చల్లబడి వేరు పనిచేయక మొక్క నిలిచిపోతుంది. చాలామంది దాన్ని చలి దెబ్బ అనుకుని ఇంకో ఎరువు వేస్తారు. అక్కర్లేని ఖర్చు అది.

బోరు నీటికి, చెరువు నీటికి తేడా ఉంది. భూగర్భంలో నీరు ఏడాది సగటు వేడిని నిలుపుకుంటుంది. అందువల్లే డిసెంబరు తెల్లవారుజామున బోరు గొట్టం నుంచి పడే నీటి మీద ఆవిరి లేస్తుంది, చేతికి గోరువెచ్చగా తగులుతుంది. మొలక దశలో ఉన్న మడికి ఈ నీరు మేలు. కర్నూలు-కడప (కె.సి.) కాలువ, చెరువు నీరు రాత్రి గాలికి చల్లబడి ఉంటాయి కాబట్టి వాటిని ఎండెక్కాకనే మళ్లించాలి.

టమాటాకు ఈ చలి నిజానికి అనుకూలమే. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే పూత కాయగా నిలుస్తుంది. 13 డిగ్రీల కన్నా తగ్గితే పుప్పొడి బలహీనపడుతుంది. ఇక్కడ అలాంటి రాత్రులు వరసగా రావు. పత్తికొండ, ఆస్పరి, దేవనకొండ ప్రాంతాల్లో నవంబరు, డిసెంబరుల్లో సంతకు వచ్చే కాయకు ఎరుపు దిట్టంగా ఉండటానికి కారణం కూడా ఇదే చల్లదనం. పంట బాగా పండడమే ఒక్కోసారి నష్టమవుతుంది. ఆ సీజనులో కాయ ఒకేసారి దిగి ధర నేలకు పడి, పత్తికొండ వైపు టమాటా రోడ్డు పాలైన ఏడాదులు జనానికి గుర్తున్నాయి. ఎకరమంతా ఒకేసారి నాటకుండా పదిహేను రోజుల తేడాతో రెండు మూడు దఫాలుగా నాటుకుంటే ధర దెబ్బ కొంత తప్పుతుంది. తెగులు వచ్చినా చేనంతా ఒకే దశలో ఉండదు.

టమాటాకు చలికాలపు ముఖ్య శత్రువు ఆకుమాడు తెగుళ్లు. రెండు రకాలున్నాయి. ఒకటి పాత ఆకుల మీద గోధుమరంగు మచ్చలుగా, మచ్చలో వలయాలతో కనిపిస్తుంది. ఇది వెచ్చటి రోజులకూ తడి రాత్రులకూ వస్తుంది. రెండోది లేట్ బ్లైట్: చల్లటి, మబ్బు పట్టిన, పొగమంచు వీడని నాలుగైదు రోజులు కలిసొస్తే ఆకు అంచుల నుంచి నీటిలో నానినట్టు మచ్చలు లేచి, వాటి అడుగున తెల్లటి బూజు ఏర్పడి, వారంలో తోట మాడిపోతుంది. ఆకును తిరగేసి అడుగు చూస్తే రెండింటి తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. రెండోదానికి మచ్చ కనపడేదాకా ఆగకూడదు. మబ్బు, పొగమంచు సూచన ఉంటే ముందే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ చల్లాలి. మచ్చ కనిపిస్తే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు వారం తేడాతో రెండుసార్లు చాలు. ఒకే మందు పదేపదే వాడితే ఫలితం తగ్గుతుంది. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ మొదటిరకం ఆకుమాడును, ఆకుముడత వైరస్‌ను, వాడు తెగులును తట్టుకుంటుంది. అర్క అభేద్‌కు వీటితో పాటు లేట్ బ్లైట్‌నూ తట్టుకునే గుణం ఉంది. పొగమంచు పట్టే పల్లపు చేలకు అర్క అభేద్ మంచిది. మొక్కకు ఊతకర్ర కట్టి, నేలను తాకే కింది ఆకులు తుంచేస్తే గాలి ఆడి మంచు త్వరగా ఆరుతుంది. మందుకన్నా ముందు చేయవలసిన పని ఇది.

ఉల్లి కర్నూలు జిల్లా రైతుకు చేయి తిరిగిన పంట. వానాకాలంలో వేసిన గడ్డ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తవ్వుతారు, యాసంగిది నవంబరు, డిసెంబరుల్లో నాటుతారు. చలి రెండింటినీ వేర్వేరుగా తాకుతుంది. తవ్విన గడ్డకు మంచు గండం. కోసిన కాడలతో చేలోనే మూడు నాలుగు రోజులు ఆరబెట్టడం అలవాటే గానీ, రాత్రి తెరచిపెడితే పైపొరలో తడి చేరి మెడ దగ్గర నల్లబూజు పడుతుంది. సాయంత్రం ఐదింటికి కుప్ప చేసి గోనెపట్టాలు, టార్పాలిన్ కప్పి, పొద్దున ఎండెక్కాక మళ్లీ పరచాలి. మెడ సన్నగా ఎండి, రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కితే తడి ఊరకపోతేనే గడ్డ నిల్వకు పనికొస్తుంది. మార్కెట్ యార్డులో తడి గడ్డ చూడగానే వ్యాపారి ధర తగ్గిస్తాడు కాబట్టి ఈ కష్టానికి వెంటనే విలువ కనిపిస్తుంది.

యాసంగి ఉల్లికి మంచు తెచ్చేది ఊదారంగు మచ్చ తెగులు. ఆకు మీద తెల్లటి చిన్న చుక్క మొదలై, మధ్యలో ఊదారంగుకు తిరిగి, చుట్టూ పసుపు అంచుతో కాడను చుట్టేస్తుంది. ఆ చోట కాడ విరిగిపడుతుంది. తామరపురుగులు గీరిన గాయాల నుంచి ఇది సులభంగా లోనికి పోతుంది కనుక రెండింటినీ కలిపి చూడాలి. ఆకుల మధ్య చీల్చి చూస్తే సన్నటి పసుపు పురుగులు కనపడతాయి. వాటికి ఫిప్రోనిల్ లీటరుకు 2 మి.లీ., మచ్చకు మాంకోజెబ్ 2.5 గ్రాములు, మచ్చ ముదిరితే టెబుకొనజోల్ 1 మి.లీ. ఉల్లికాడ మీద మైనం ఉండి మందు నీరు జారిపోతుంది కాబట్టి జిగురుమందు కలపకుండా చల్లితే డబ్బు నేలపాలే. చల్లే వేళ మంచు ఆరాక. తడి మీద చల్లిన మందు పలచబడి కారిపోతుంది.

కడప వైపు మైదుకూరు, ఖాజీపేట, దువ్వూరు ప్రాంతాల్లో కృష్ణాపురం రకం చిన్న ఎర్రగడ్డకు పేరుంది. ఆగ్నేయాసియా దేశాలకు ఎగుమతయ్యే రకం అది. గులాబీ రంగు చిన్న గడ్డల్లో అగ్రిఫౌండ్ రోజ్‌ను కడప ప్రాంతపు వానాకాలానికి సిఫారసు చేశారు. ఏ రకమైనా యాసంగిలో ముదిరిన నారు నాటితే, తర్వాత వచ్చే చలికి గడ్డ ఊరకుండా పూత కాడ తన్నుకొస్తుంది. ఆరు ఏడు వారాల నారు, పెన్సిలు కన్నా సన్నటిది సరైనది. తన్నుకొచ్చిన పూత కాడను తుంచినా గడ్డ మధ్యలో గట్టి కాడ మిగిలి నిల్వకు ఆగదు. అలాంటివాటిని వేరు చేసి ముందు అమ్ముకోవాలి.

క్యాబేజీ, కాలీఫ్లవర్‌లలో రకం ఎంపికే సగం పంట. కాలీఫ్లవర్ ఎర్లీ కున్వారీ వంటి ముందస్తు రకాలు 20 డిగ్రీల పైనే పువ్వు కడతాయి, స్నోబాల్ రకాలకు 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. ఉత్తరాది సీజను చూసి ఇక్కడ స్నోబాల్ వేసినవాళ్లకు ఆకు గంపెడు పెరుగుతుంది, పువ్వు రాదు. వచ్చినా విడిపోయి వెంట్రుకలు లేచినట్టుంటుంది. ముందస్తు రకాన్నే ఆలస్యంగా, పోషణ లేక బక్కచిక్కిన నారుతో నాటితే మొక్క చిన్నగా ఉండగానే గుండీ అంత పువ్వు కట్టి ఊరుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు పోసి, నాలుగైదు వారాల నారును అక్టోబరు ఆఖరు, నవంబరు మొదట నాటుకోవాలి. పువ్వు నిమ్మకాయంత అయ్యాక పై ఆకులు రెండు మూడు వంచి కప్పితే ఎండకు పసుపు తిరగదు. ఆఖరి దుక్కిలో ఎకరానికి 4 కిలోల బోరాక్స్ వేస్తే కాండం బోలు పడదు. క్యాబేజీలో గోల్డెన్ ఏకర్ లాంటి స్వల్పకాలిక రకం రెండు నెలల్లో గడ్డ కడుతుంది కాబట్టి ఫిబ్రవరి ఎండలోపే అయిపోతుంది. గట్టిపడ్డ గడ్డను చేలో ఇంకా ఉంచి, ఎండిన నేలకు ఒక్కసారిగా నీరు పెడితే గడ్డ పగులుతుంది. డైమండ్ బ్యాక్ మాత్ పురుగు ఈ పంటలకు చలికాలంలోనూ వస్తుంది. ప్రతి 25 సాళ్లకు రెండు సాళ్ల ఆవాలు వేసి, ఒక సాలు నాటుకు పదిహేను రోజుల ముందు, ఇంకొకటి నాటిన 25 రోజులకు విత్తితే పురుగు వాటి మీదికి పోతుంది. మిగిలినదానికి ఐదు శాతం వేపగింజల కషాయం.

చిక్కుడు, అనప కాయలకు ఈ కాలం సొంతది. పొట్టి పగళ్లు వస్తేనే ఇవి పూస్తాయి. సంక్రాంతికి పితికిపప్పు కూర రాయలసీమ ఇళ్లలో వండుకునేది ఆ కాపుతోనే. పూతలో పేనుబంక చేరితే ముందు ఆ కొసలు తుంచి, తర్వాత వేపనూనె లీటరుకు 5 మి.లీ. కొట్టాలి. పూతకాలంలో తేనెటీగలు తిరుగుతాయి కాబట్టి మందు సాయంత్రమే. నల్లరేగడిలో శనగ ఉన్నచోట లేత కొసలు గిల్లి శనగాకు కూరకు వాడుకోవచ్చు, మొక్కకు కొమ్మలు కూడా ఎక్కువ వస్తాయి. ఆ ఆకు పుల్లగా ఉండటానికి దాని మీది మాలిక్ ఆమ్లం కారణం. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, బీట్‌రూట్ ఈ నెలల్లో బాగా వస్తాయి. క్యారెట్‌లో పూసా కేసర్ లాంటి ఎర్రరకం వేడికి ఓర్చుకుంటుంది. ఆకుకూరలకు మందు కొట్టవలసి వస్తే కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసిన సంఖ్యే ప్రమాణం.

వంగ, మిరప, బెండ చలికి పెరుగుదల తగ్గిస్తాయి. ఆ సమయంలో నత్రజని ఎక్కువ వేయడం వృథా. జనవరిలో పగలు పొడి, రాత్రి మంచు ఉన్నప్పుడు బెండ, మిరప, కొత్తిమీర, తీగజాతి ఆకుల మీద బూడిద పట్టినట్టు తెల్లటి పొడి వస్తుంది. ఈ తెగులుకు నిలిచిన నీరు అక్కర్లేదు, అందుకే పొడి చేలో కూడా పాకుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు. తీగజాతి లేత ఆకులు గంధకానికి మాడే ప్రమాదం ఉంది కాబట్టి వాటిలో ముందు రెండు మొక్కల మీద చల్లి చూడాలి.

వేసవి పుచ్చ, కర్బూజ, దోస, బీర, కాకరకు చలిలో మొలక కష్టం. నేల 18 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే విత్తనం పది పన్నెండు రోజులు నేలలో ఊరి కుళ్లుతుంది. పెన్నా ఒడ్డున ఇసుక నేలల్లో సంక్రాంతి తర్వాత విత్తడం సురక్షితం. అంతకన్నా ముందు కావాలంటే విత్తనాన్ని పన్నెండు గంటలు నీళ్లలో నానబెట్టి, తడి గుడ్డలో మూటగట్టి గడ్డివాములోనో వెచ్చటి గదిలోనో ఒకటి రెండు రోజులు ఉంచి, మొలక పగిలాక ప్రోట్రేలలో కొబ్బరిపొట్టులో పెట్టాలి. సాయంత్రం ప్లాస్టిక్ షీటు సొరంగంలా కప్పి, పొద్దున తొమ్మిదికి తీసేయాలి. కప్పు తీయకుంటే లోపలి చెమ్మకు నారుకుళ్లు వస్తుంది. 15 సెంటీమీటర్ల ఎత్తు మడులు, విత్తనానికి ట్రైకోడెర్మా శుద్ధి, కుళ్లు కనపడగానే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ మొదలు తడిసేలా పోయడం అన్ని నారుమళ్లకూ వర్తిస్తాయి. నారు మీద నిలిచిన మంచును వరి మడిలో తాడు లాగి రాల్చినట్టు ఉల్లి నారులోనూ రాల్చవచ్చు. తెగులు మచ్చ ఉన్న మడిలో మాత్రం తాడు దాన్ని అన్ని మొక్కలకూ అంటిస్తుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పల్లెమాట. ఫిబ్రవరి రెండోవారం నుంచి పగటి వేడి 33 డిగ్రీలు దాటుతుంది. అప్పటి నుంచి గంధకం మందు మానేయాలి, ఎర్రనేలలో తడుల అంతరాన్ని మూడు రోజులకు, నల్లరేగడిలో ఐదారు రోజులకు తగ్గించాలి, చేలో మిగిలిన కాలీఫ్లవర్, క్యాబేజీ ఆ నెలాఖరులోపు కోసేయాలి. టమాటా సాళ్ల మధ్య ఎండుగడ్డి, చెనిక్కాయ పొట్టు పరిస్తే తేమ ఆగి కాపు మార్చి దాకా సాగుతుంది.